సైలెన్సర్ కింద

నిన్న రాత్రే బోల్టులకు కిరసనాయిలు పట్టించి పడుకున్నాను.
తుప్పుతో పొద్దున్నే తగువు పెట్టుకోకూడదు,
రాత్రంతా నానితే ఎంత మొండిదైనా
కాస్త మాట వింటుంది.

జెస్టాఫోనిలో మే నెల. కొట్టం ముందు
మా నీవా కారు రెండు చెక్క దిమ్మల మీద
ముందుకాళ్లెత్తి నిలబడింది.
నాకంటే పదేళ్లు చిన్నది.
చలికాలంలో ఇద్దరం దగ్గుతాం,
దాని దగ్గుకైతే మందు నా దగ్గరుంది.

మొదట పెట్రోల్ ఫిల్టర్.
ఇంత ప్లాస్టిక్ బుడ్డి, రెండు రొట్టెల ధర.
వెలుతురుకు పట్టి చూస్తే అడుగున ఎర్రటి మడ్డి,
ట్యాంకు గోడలు ఏడాదిగా రాల్చుకున్న పొట్టు.
రబ్బరు పైపును వేళ్ల మధ్య వంచుతాను.
పగుళ్లు కనిపిస్తే బేరం లేదు, కోసి పారేయడమే.
క్లాంపు బిగించాక మునివేళ్లు వాసన చూసుకుంటాను.

కార్బురేటర్ జెట్లను నోటితోనే ఊదాలి.
సూది పెట్టొద్దు, తీగ పెట్టొద్దని
ఒతియా నా చేతి మీద కొట్టి మరీ నేర్పాడు.
"చీమ తల దూరని కన్నం అది.
నువ్వు గీకితే ఎద్దు దూరుతుంది,
ఆ తర్వాత నీ జీతమంతా అదే తాగుతుంది."
తేనె అమ్ముకునేదానికి జీతమేమిటని
అప్పుడు నవ్వాను.
పెట్రోల్ చేదు మాత్రం మధ్యాహ్నం దాకా నాలుక మీదే,
రొట్టె తిన్నా, టీ తాగినా.

ఇక కిందికి దూరాలి.

ఇంజన్ నుంచి దిగే జంట గొట్టాన్ని
ఇక్కడి మెకానిక్కులు లాగు అంటారు.
"నీ లాగు చిరిగింది మాక్వాలా!" అని
నడిబజార్లో కేకేస్తాడు ఒతియా.
ఊరికి కొత్తవాళ్లు నా గౌను వంక చూస్తారు.

లాగుకీ సైలెన్సర్‌కీ మధ్య అతుకు.
మూడేళ్ల కిందట అక్కడే
బఠాణీ గింజంత చిల్లు.

చప్పుడు మారింది, విన్నాను.
బొంగురుపోయిందిలే, వయసు అనుకున్నాను.
వెనక సీట్లు పీకేసి ఆరు తేనెపెట్టెలు ఎక్కించి
రాత్రి పదింటికి బయల్దేరాను,
నకెరాలా కనుమ మీదుగా రాచా చెస్ట్‌నట్ పూలకు.
పైన చలి కదా అని అద్దాలు బిగించాను.
తల నొప్పి పెట్టింది. ఎత్తు అనుకున్నాను.
కడుపులో తిప్పితే దిగి, గాలి పీల్చి, మళ్లీ ఎక్కాను.
ఎన్ని అనుకున్నానో ఆ ఒక్క రాత్రిలో.

తెల్లారి పెట్టెలకు చెవి ఆనించాను.
నాలుగు గుయ్యిమన్నాయి.
నేల రేకు చివికిన చోట ఉన్న రెండూ
మాట్లాడలేదు.
మూత తీస్తే మైనం జారిపోయి,
తేనెలో తడిసి, ఒకదాన్నొకటి పట్టుకుని...
ఇంతకంటే చెప్పను.
ఒతియాకి చెప్పాను. తిట్టలేదు.
నా చేతిలో స్పానర్ పెట్టి
"పదమూడు" అన్నాడు. "ఈ సైజు గుర్తుంచుకో."

అందుకే ప్రతి మే నెలా ఈ వీపు నేల మీద.
పాత గాస్కెట్ బూడిదలా రాలి కంట్లో పడింది.
కొత్తది పెట్టి, రాగి నట్లు ముందు చేత్తో తిప్పి,
ఆ తర్వాతే స్పానర్.
ఇటు కొంచెం, అటు కొంచెం,
ముగ్గురు పిల్లలకు ఒక్క గిన్నెలోంచి వడ్డించినట్టు.
సైలెన్సర్ వేలాడే రబ్బర్లన్నీ లాగి చూశాను.
సుత్తితో తట్టాను. ఖంగుమంటే బతికుంది,
బొద్దుమంటే లోపల కుళ్లింది.
ఒకచోట ఖంగుమంది. ఒకచోట
ఏ సంగతీ తేల్చలేదు.
సరే, ఈ ఏడాదికి పోనిస్తున్నా.

చివరికి ఇంజన్ వేసి
తడిగుడ్డతో తోక గొట్టం నోరు మూశాను.
మధ్యలో ఎక్కడ దారి దొరికినా బుస్సుమంటుంది.
చెవి రిక్కించి కూర్చున్నా.
పొగ అరచేతిని తోసింది, తోసింది,
ఇంజన్ ఉక్కిరిబిక్కిరై
ఆగిపోయింది.

ఎంత మంచి నిశ్శబ్దమో అది.

నేల రేకు కూడా కొత్తది వేయించాను. అయినా
ఈ రాత్రి అద్దం నాలుగు వేళ్లు దించే వెళ్తాను,
చలికి కోటుంది.
బాగుపడిందా అని ఒతియా ఫోన్ చేశాడు.
ఇంకా కనుమ దాటలేదన్నాను.